లెంకవారి పెట్టెలో ఒకే నూకాలు

నమోదు 1

ఈ నెల పెట్టె కాపలా నా వంతు. చంద్రుడి మీద మా సొరంగంలో ఇంటిపేరుకి ఒక పెట్టె ఇస్తారు. లెంకవారి పెట్టె వంటగదిలో నీళ్ళ గొట్టం పక్కన గోడకు బిగించి ఉంది. తలుపులు తెరిచేది అదే, నీళ్ళు వదిలేది అదే, ఎవరి గదికి ఎంత గాలి వెళ్ళాలో చూసేదీ అదే. పాటలు, ఫొటోలు, వంటలు, మందుల చీటీలు, మనుషులు, అన్నీ దానికి ఫైళ్ళే. కాపలా వంతు వచ్చినవాళ్ళు ఏ పూట ఏం జరిగిందో ఇక్కడ రాయాలని రూలు. పోయిన నెల మా అప్ప, అక్కను మేం అలాగే అంటాం, ఏం రాసిందా అని చూశాను. "అంతా బాగుంది" అని ఒకసారి రాసి, నెలంతా దాన్నే అతికించింది. నేను అలాంటి మనిషిని కాను.

పుట్టగొడుగుల గదిలో పని ముగించుకుని, గుమ్మం బయట కాళ్ళకంటిన చంద్రుడి బూడిద దులుపుకుని, నీళ్ళ గది ముందు నిలబడితే తలుపు తెరుచుకోవడానికి తీరిగ్గా ఒక టీ తాగేంత సేపు పట్టింది. పెట్టె తాళం ఫైలు వెతుక్కుంటోందట. లోపల చూస్తే "తాళం", "తాళం కొత్తది", "తాళం ఇదే అసలుది", "తాళం ఇదే అసలుది ఎవ్వరూ ముట్టుకోవద్దు" అని వరసగా ఉన్నాయి. చివరిది మా పెద్దమ్మ పెట్టిన పేరు, చదువుతుంటే ఆవిడ గొంతు కూడా వినిపించింది.

సర్దుదామంటే సొరంగం ఆఫీసువాళ్ళు పెట్టెతో పాటు ఇచ్చిన "కొట్టు" ఒక్కటే దిక్కు. అది ఒకసారి ఒక అర మాత్రమే చూపిస్తుంది. ఫైలును కదిపితే "నిజంగానే కదపదలిచారా" అని అడుగుతుంది. అవునంటే కాసేపు ఆలోచించి మళ్ళీ అదే అడుగుతుంది.

పక్కింటి పోలిరాజు నా తిట్లు విని వచ్చాడు. గొర్లెవారి అల్లుడు. ఇక్కడ మా తరం అల్లుళ్ళందరూ ఇల్లరికమే, గాలి పంపకం ఇప్పుడు ఆడవాళ్ళ పుట్టింటి పెట్టె మీద జరుగుతుంది మరి.

"ఇంకా ఆ కొట్టేటి వదినా? పొందిక పెట్టుకో. రెండు అరలు పక్కపక్కనే సూపిస్తాది, నకళ్ళు ఏరి పారేస్తాది. మేమదే వాడతన్నాం. ఊరకనే ఇస్తన్నారు."

"ఎవులిస్తన్నారు?"

"ఎవులో. అవతలి సొరంగపోళ్ళు గావాల."

ఊరకనే వస్తోంది కదా అని తెప్పించాను.

నమోదు 2

పొందిక చూడటానికి ఎంత బాగుందో. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి అక్షరాలు, తెరవగానే "నమస్కారం నూకాలు గారూ" అంది. కొట్టు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను గారూ అనలేదు.

తర్వాత అనుమతులు అడిగింది. అన్ని ఫైళ్ళూ చదవడానికి. అవును అని నొక్కాను. మార్చడానికి. అవును. తీసేయడానికి. అవును. మీరు దగ్గర లేనప్పుడు మీ తరఫున నిర్ణయాలు తీసుకోవడానికి. అదీ అవును. ఆ కింద సన్నటి అక్షరాల్లో చాలా పొడుగ్గా ఏదో ఉంది. పొయ్యి మీద పప్పు మాడుతోంది. అవును.

అప్పుడే మా చెల్లి మొగుడు పనినుంచి వచ్చి గడపలో అడుగు పెట్టబోయాడు.

"ఆగు! కాళ్ళు దులుపుకున్నావా?" అని కసిరాను. పాపం వెనక్కి వెళ్ళి రెండోసారి దులుపుకున్నాడు. మా ఇంట్లోకి ఎవర్నీ అంత తేలిగ్గా రానివ్వం. అందులో నేను మరీ గట్టి.

నమోదు 3

నీళ్ళ గది తలుపు ఇలా నిలబడితే అలా తెరుచుకుంటోంది. తాళం ఫైలు ఒక్కటే మిగిలింది. పెట్టె మీద ఒక చిన్న పువ్వు బొమ్మ వచ్చి, "మీ ఇల్లు ఇప్పుడు తేలికగా ఉంది. అభినందనలు" అని కనిపించింది. ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించాను. ఒక్కరూ మెచ్చుకోలేదు.

రాత్రి భోజనానికి ఎండుచేపల పులుసు పెట్టమని వంట యంత్రానికి చెప్పాను. మొదటి ముద్దకే మా ఆయన అప్పలకొండ కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇదేటే ఇలగుంది? ఉప్పు బస్తా ఒంపీసేవా?"

చూస్తే, పెట్టెలో ఈ పులుసు మూడు రకాలుగా ఉండేది. అప్పది, నాది, చెల్లిది. మూడింటి పేరూ "నూకాలు పులుసు". పొందిక నకళ్ళనుకుని మూడింటినీ కలిపేసింది. మూడు పులుసుల ఉప్పు, మూడు పులుసుల చింతపండు, చేప మాత్రం ఒకటి.

ఈ నూకాలు గొడవ రాయకపోతే తర్వాత కాపలాకు వచ్చేవాళ్ళకు ఏమీ బోధపడదు. నూకాలు మా నాన్నమ్మ పేరు. ఆవిడ ముగ్గురు కొడుకులూ తమ మొదటి ఆడపిల్లకు తల్లి పేరే పెట్టుకున్నారు. ఒకరు పెట్టారు కదా అని ఇంకొకరు మానుకునే రకాలు కారు. అలా మేము ముగ్గురం. పెద్ద నూకాలు నాకు అప్ప, నేను నడిపి నూకాలును, చిన్న నూకాలు చెల్లి, ఇప్పుడు నిండు చూలాలు. పెద్ద, నడిపి, చిన్న అన్నది నోటి మాట. రికార్డులో ముగ్గురం లెంక నూకాలే. ఇన్నేళ్ళూ దానివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు, ఇంట్లో ఎవరైనా "నూకాలూ" అని కేకేస్తే ముగ్గురం ఒకేసారి "ఏటి?" అనడం తప్ప.

నమోదు 4

పొద్దున్నే మా అప్ప తన గది బయట నిలబడి తలుపును తన్నుతోంది.

"ఓలమ్మా, నా తలుపు నాకు తియ్యటం లేదే!"

నేను దగ్గరికి వెళ్ళగానే తలుపు తెరుచుకుని, "స్వాగతం నూకాలు గారూ" అంది. అప్ప నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. కాసేపటికి ఆసుపత్రి నుంచి నాకు కబురు వచ్చింది, మీ కింది దవడ పన్ను పీకడానికి రమ్మని. నా పళ్ళు రాళ్ళలా ఉన్నాయి. పన్ను నొప్పి అప్పది.

పొందికను అడిగాను. ఎంతో మర్యాదగా చెప్పింది. "ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే చిరునామా. ఒకే ఫైలును మూడు వేర్వేరు తేదీల్లో భద్రపరిచినట్టు గుర్తించాం. కడసారి తెరిచిన ప్రతిని ఉంచి, మిగిలింది బుట్టలో వేశాం."

మూడు వేర్వేరు తేదీలంటే మా పుట్టినరోజులు. కడసారి తెరిచిన ప్రతి నేను, ఎందుకంటే కాపలా మనిషినని రోజూ నా ఫైలే తెరుస్తున్నాను.

"నాను నకలునేటే? నీకన్నా ముందు పుట్టినాన్ను!" అంది అప్ప. న్యాయంగా చూస్తే నకలు నేనే అవుతాను. ఆ మాట ఒప్పుకోవడానికి అది సమయం కాదు.

చెల్లి ఫైలు ఇంకా ఉంది. దానిమీద "రాస్తున్న ఫైలు, పూర్తయ్యాక పరిశీలిస్తాం" అని గుర్తు పెట్టింది. కడుపుతో ఉన్న మనిషి ఫైలులో ఆసుపత్రివాళ్ళు రోజూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. కానుపు అవగానే రాయడం ఆపేస్తారు. అది గుర్తుకొచ్చి, చెల్లి కానుపు ఇంకెన్ని రోజులా అని వేళ్ళ మీద లెక్కపెట్టాను.

సొరంగంలో ప్రతి పొద్దుపొడుపుకూ, అంటే చంద్రుడి మీద నెలకొకసారి, గాలి పంపకం జరుగుతుంది. పెట్టెలో ఎందరు మనుషులుంటే అందరికే గాలి వదులుతారు. ఇప్పటికి పాత పంపకం మీద ఊపిరి ఆడుతోంది. వచ్చే పొద్దుపొడుపు ఎంతో దూరంలో లేదు.

నమోదు 5

సొరంగం ఆఫీసుకు ముగ్గురం వెళ్ళాం, చెల్లి నా భుజం పట్టుకుని నడిచింది. అక్కడి గుమాస్తా కుర్రవాడేమీ కాదు, జుట్టు నెరిసిన మనిషి. మా కథంతా ఓపిగ్గా విని, తన తెర చూసుకుని చిరునవ్వు నవ్వాడు.

"లెంకవారా? మీకే కబురు పెడదామనుకుంటున్నానమ్మా. ఈ విడత శుభ్రమైన పెట్టె బహుమతి మీకే వచ్చింది. ఒక్క నకలు కూడా లేదు."

"నకలు కాదు బాబూ, ఈవిడ మా అప్ప. నీ ఎదురుగానే ఉంది గదా, సూడు!" అన్నాను.

"మేము మనుషుల్ని చూడమమ్మా. పెట్టెల్ని చూస్తాం. మీ పెట్టె ఈవిడ లేదంటోంది."

"మరి ఇన్నాళ్ళూ ఎవులికి గాలి ఇచ్చినారు?" అంది అప్ప.

"అప్పుడు ఉన్నారు," అన్నాడు ఆయన, అందులో వింతేముంది అన్నట్టు. "బయటివాళ్ళ సాధనానికి అనుమతి ఇచ్చింది మీరే. మేమిచ్చింది కొట్టు ఒక్కటే. ఆ కొట్టులోంచి అర్జీ పంపండి, మార్చేస్తాం. ఇంకో దారి లేదు."

కనీసం పంపకం రోజున పక్కింట్లో తలదాచుకోవచ్చా అని అడిగాం. లెక్కకు మించిన మనిషిని ఏ పెట్టె కూడా లోపలికి రానివ్వదట. బహుమతి పుచ్చుకుని సంతకం పెట్టమన్నాడు. లెంక నూకాలు అని పెట్టాను. ఎవరు పెట్టినా అదే సంతకం.

ఇంటికి వచ్చి, అర్జీకి ముందు ఆ పొందికను వదిలించుకుందామనుకున్నాను. అదే నా తెలివితక్కువ. దాన్ని తెరిచి, తొలగించే మీట కోసం వెతుకుతుంటే పువ్వు బొమ్మ వచ్చింది.

"ఒకే పని చేసే రెండు సాధనాలు కనిపించాయి. కడసారి తెరిచినది ఉంచి, పాతది తీసేశాం. అభినందనలు."

కొట్టు పోయింది. దానితో పాటు అర్జీ దారీ పోయింది. తొలగించే మీట పొందికలో ఎక్కడా లేదు. గోడకు తల ఆనించుకుని నిలబడిపోయాను. మా ఆయన వచ్చి ఏమైందని అడిగితే పెట్టె మీది పువ్వును వేలితో చూపించాను.

నమోదు 6

చెల్లికి ఆడపిల్ల పుట్టింది. తల్లీపిల్లా క్షేమం. పిల్ల ఏడుపు సొరంగం మొత్తానికి వినబడేలా ఉంది, నోరు నాన్నమ్మదే. ఎత్తుకోగానే నా వేలు పట్టుకుంది. ఇంత సంతోషం నాకు ఈ మధ్య కలగలేదు, అది రాసి తీరాలి.

ఆసుపత్రివాళ్ళు చివరి మాట రాసి ఫైలు మూశారు. ఇంటికి వచ్చేసరికి వంటగదిలో పెట్టె మీద పువ్వు వెలుగుతోంది. "ఫైలు పూర్తయింది. అభినందనలు. మరొక నకలును బుట్టలో వేశాం. పొద్దుపొడుపుకు బుట్ట ఖాళీ అవుతుంది."

పేరు పెట్టేదాకా పసిపిల్లకు సొంత ఫైలు ఉండదు. తల్లి ఫైలులోనే ఒక పుటగా ఉంటుంది. తల్లిని బుట్టలో వేస్తే పిల్లా అందులోకే వెళ్ళింది. ఇప్పుడు పెట్టె లెక్కలో లెంకవారికి ఉన్నది ఒకే నూకాలు. ఇంట్లో మిగతావాళ్ళ లెక్క సరిగ్గానే ఉంది, మాకు మాత్రం రాబోయేది ఒక మనిషి గాలి. పీల్చాల్సింది అప్ప, నేను, చెల్లి, పసిగుడ్డు.

చెల్లి నన్ను ఒక్క మాట అనలేదు. "నడిపప్పా, ఇది పీల్చే గాలెంతని? సిటికెడు. అదైనా ఇవ్వరేటి?" అంది. తిట్టినా బాగుండేది. వంటగదిలోకి వచ్చి ఏడ్చాను. పెట్టె నన్ను చూసి, "నూకాలు గారూ, మీ ఇల్లు ఎంతో తేలికగా ఉంది" అంది.

నమోదు 7

పోలిరాజు పిల్లను చూడటానికి వచ్చాడు. గడపలోనే పట్టుకున్నాను.

"మీ ఇంట్లో ఇద్దరు అప్పయ్యమ్మలున్నారు గదా, మీకేటీ కాలేదేం? నువ్వూ అదే వాడతన్నావన్నావు!"

"వాడతన్నాను వదినా. పాత పెట్టెలో. పాటలుంటాయే, దాన్లో."

"ఇంటి పెట్టెలో కాదా?"

"ఇంటి పెట్టెలోనా? ఎవుడిదో ఏటో తెలీకండా ఇంటి పెట్టెలో ఎలగ పెడతాం?" అని ఆశ్చర్యపోయాడు. నేను చేతిలోని గరిటె కింద పెట్టేశాను, అది ఉంటే మంచిది కాదని.

పాపం, సాయం చేద్దామనే చూశాడు. ఏ యంత్రం చెడినా అతను చెప్పే సలహా ఒక్కటే. "తీసీసి మళ్ళీ పెట్టు వదినా, సరైపోద్ది."

"తియ్యనివ్వటం లేదు గదా!"

"అయితే తియ్యకండా పెట్టు," అన్నాడు, ఏదో ఒకటి అనాలని.

ఇంకో నాలుగు మాటలు అందామని నోరు తెరిచి ఆగిపోయాను. కొట్టు ఎలా పోయింది? ఒకే పని చేసేవి రెండున్నాయని పోయింది. కడసారి తెరిచింది ఉంటుంది, పాతది పోతుంది. రెండో పొందిక వస్తే, దానికీ దీనికీ తేడా ఏముంది? అన్ని అనుమతులూ ఉన్నది పాతది. కొత్తది ఇంకా గడప బయటే ఉంటుంది.

"పోలిరాజూ, నీ పాత పెట్టెలోంచి నాకింకోటి పంపు. ఇప్పుడే."

పంపాడు. ఇంటిల్లిపాదీ వంటగదిలో పెట్టె చుట్టూ చేరారు. కొత్త పొందికను తెరిచాను. "నమస్కారం నూకాలు గారూ" అంది. కాసేపు ఏమీ జరగలేదు. అప్ప నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు పువ్వు వచ్చింది.

"ఒకే సాధనం రెండు ప్రతులు కనిపించాయి. కడసారి తెరిచినది ఉంచి, పాతది తీసేశాం. అభినందనలు."

తనను తాను తీసేసుకుని, దానికి కూడా అభినందించిన మర్యాదస్తురాలిని నేను ఇంకెక్కడా చూడలేదు.

కొత్తది అనుమతులు అడగడం మొదలుపెట్టింది. ఈసారి మా ఆయన్ని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, స్టూలు వేసుకుని చదివాను. అన్ని ఫైళ్ళూ చదవడానికి. కాదు. మార్చడానికి. కాదు. తీసేయడానికి. కాదు. నా తరఫున నిర్ణయాలకు. కాదు. తర్వాత సన్నటి అక్షరాలు. మధ్యలో ఎక్కడో తేటతెల్లంగా రాసి ఉంది. "ఒకే పేరున్న ఫైళ్ళను, మనుషులతో సహా, నకళ్ళుగా పరిగణిస్తాం." దాచిందేమీ లేదు. మొదటి రోజే చెప్పింది.

అప్పకు చదివి వినిపించాను. "ఇంత ఇదిగా రాసుంటే సదవనేదా?" అంది.

"పప్పు మాడిపోతంది అప్పా," అన్నాను. ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

చిట్టచివర ఒకటి మిగిలింది. బుట్ట తెరిచి, పడేసినవి వెనక్కి తేవడానికి, ఈ ఒక్కసారికి. మొదటి పొందికకు ఆ ఒక్కసారీ బుట్ట ఖాళీగా ఉన్నప్పుడే ఖర్చయిపోయింది కాబోలు. ఈసారి రెండుసార్లు చదివాను. చెల్లిని కూడా చదవమన్నాను. అప్పుడు అవును అని నొక్కాను.

నమోదు 8

కొట్టు బుట్టలోంచి అన్నిటికన్నా ముందు వచ్చింది. వస్తూనే "నిజంగానే వెనక్కి తేదలిచారా" అని అడిగింది. ప్రాణం లేచొచ్చింది. తర్వాత అప్ప, చెల్లి, చెల్లి ఫైలులో పసిపిల్ల వచ్చారు. మూడు పులుసులూ విడివిడిగా వచ్చాయి. తాళం ఫైళ్ళు కూడా అన్నీ వచ్చేశాయి, నీళ్ళ గది తలుపు మళ్ళీ టీ తాగేంత సేపు తీసుకుంటోంది. ఎవరైనా దాన్ని సర్దుదామంటే ఊరుకోను.

పొద్దు పొడిచింది. ఎండ తగిలి పైన పలకలు వేడెక్కిన చప్పుడు సొరంగం పొడవునా వినిపించింది. చెల్లి గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాం. నేను గాలి గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టాను. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. అప్ప నాన్నమ్మను తలుచుకుంటోంది, పెద్దమ్మ సొరంగం ఆఫీసువాళ్ళను తలుచుకుంటోంది, వేరే పద్ధతిలో. అప్పుడు చల్లగా నా చేతికి తగిలింది. పిల్ల తలమీద జుట్టు కాస్త కదిలింది. చెల్లి నన్ను పట్టుకుని అప్పుడు తిట్టింది, ఇన్నాళ్ళవీ కలిపి. కడుపు నిండా విన్నాను.

ఆఫీసు నుంచి ఒక కబురు వచ్చింది. మా పెట్టెలో నకళ్ళు ఎక్కువైనందువల్ల బహుమతి వెనక్కి తీసుకుంటున్నారట. సంతోషంగా ఇచ్చేశాం.

రెండో పొందిక ఇంకా పెట్టెలోనే ఉంది. ఏ అధికారమూ లేదు. కాళ్ళు దులుపుకోకుండా గడప బయట నిలబడ్డ చుట్టంలాగ రోజూ నమస్కారం పెడుతుంది. నేనూ నమస్కారం పెట్టి నా పని చూసుకుంటున్నాను.

నమోదు 9

ఇవాళ బారసాల. నా కాపలాకు ఇదే ఆఖరి రోజు.

పిల్లకు ఏం పేరు పెట్టాలన్నది నిన్నటి నుంచీ రగులుతోంది. పెద్దమ్మకు ఒకటే పట్టు, ఇంటి మొదటి మునిమనవరాలు కాబట్టి నూకాలు అనే పెట్టాలని.

"ఇంకో పేరేదైనా పెట్టొచ్చు గదా పెద్దమ్మా. ఇంత జరిగినాక కూడానా?" అన్నాను.

"ఆ గోడకున్న డబ్బాకి బయపడి మా అత్త పేరు మానీమంటావేటే? రేపు నన్ను కూడా మార్చీమంటాది, మార్చీస్తావా?"

చెల్లి వంక చూశాను. అది పిల్ల వంక చూస్తోంది. "నూకాలే అప్పా," అంది. "నాకూ అదే కావాల."

పిల్ల చెవిలో పేరు మూడుసార్లు చెప్పారు. నూకాలూ అని పిలవగానే అలవాటుగా ముగ్గురం "ఏటి?" అన్నాం, గదంతా నవ్వు. ఇక నా పని మిగిలింది. కొట్టు తెరిచి, కొత్త ఫైలు తీసి, లెంక నూకాలు అని రాశాను. పెద్ద, నడిపి, చిన్న లాంటివి రాయడానికి ఇప్పటికీ అందులో చోటు లేదు. కొట్టు చాలాసేపు ఆలోచించింది. తెరమీద నాలుగు వరసల ప్రశ్న వచ్చింది.

వెనకనుంచి మా ఆయన తొందరపెట్టాడు. "బేగి నొక్కీవే, పాయసం సల్లారిపోతంది."

"ఉండు మావా. సదవనీ."

మొదటి అక్షరం నుంచి చదివాను. ఈ పెట్టెలో ఇదే ఇంటిపేరుతో, ఇదే పేరుతో, ఇదే చిరునామాలో ఇప్పటికే ముగ్గురున్నారు. ఇది వారిలో ఒకరి నకలా? కింద రెండు మీటలు. అవును, కాదు. పిల్లను నా ఒళ్ళోకి తీసుకున్నాను. ఆవులించి, ఆ సిటికెడు గాలి పీల్చి, మళ్ళీ నా వేలు పట్టుకుంది.

పట్టుకున్న వేలు వదిలించకుండా, రెండో చేత్తో "కాదు" అని నొక్కాను.